వేలాడే స్తంభాన్ని పట్టుకు వేలాడే వాదం

లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో అడుగుపెట్టిన యాత్రికుల్లో చాలామంది ముందుగా చేసే పని నేలకు వంగడం. నాట్యమండపంలో ఒక స్తంభం కింద తువ్వాలో, చున్నీయో, దినపత్రికో దూర్చి అటుపక్కనుంచి లాగుతారు. పక్కనున్నవారు ఫోన్‌లో వీడియో తీస్తారు. ఆ వీడియో కింద తప్పకుండా ఒక మాట పడుతుంది: “అప్పట్లోనే ఎంత సైన్స్ ఉందో చూడండి!” ఆ మాట స్తంభం దగ్గరే ఆగితే పేచీ లేదు. అది పురాణాల్లోని ప్రతి మహిమ మీదికీ, పాత బొమ్మల్లోని ప్రతి వింత మీదికీ పాకి, చదువుకున్నవారి నోట కూడా సిద్ధాంతంలా పలుకుతోంది.

ఆ వాదాన్ని దాని పక్షాన నిలబడే చెప్పుకుందాం. పూర్వీకులు వెర్రివాళ్లు కారు. గుడి పైకప్పుల మీదా, తాళపత్రాల్లోనూ, కలంకారీ గుడ్డల మీదా, తోలుబొమ్మల్లోనూ కనిపించే మహిమలు ఉత్త కల్పనలు కావు. ఆనాటి విజ్ఞానాన్ని పామరులకు అందేలా కథల్లో చుట్టి దాచిపెట్టారు. పుష్పకం విమానమే, బ్రహ్మాస్త్రం అణుబాంబే, నేతికుండల్లో పుట్టిన కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బిడ్డలే. తెల్లవాళ్లు వచ్చి అన్నీ పుక్కిటి పురాణాలని వెక్కిరిస్తే మనమూ తలూపాం, ఇకనైనా మేలుకోవాలి. వాదం ఇదీ.

ఇందులోని ఆత్మగౌరవం కొట్టిపారేయదగ్గది కాదు. ఆ వెక్కిరింత నిజంగానే జరిగింది. ఆర్యభటుడి లెక్కలు, సుశ్రుతుడి శస్త్రచికిత్స, ఇదే లేపాక్షిలో ఒకే రాతిలోంచి లేచిన 27 అడుగుల నంది ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడిన గొప్పలు కావు. కానీ ఉన్న గొప్పను చూపించి లేని గొప్పను అంటగట్టడం ఆత్మగౌరవం ఎలా అవుతుంది?

1. స్తంభం దేనికి సాక్ష్యం?

మండపంలో దాదాపు 70 స్తంభాలున్నాయి. నేలకు పూర్తిగా ఆననిది ఒక్కటి. స్తంభాన్ని గాలిలో నిలబెట్టే రహస్యవిద్యే తెలిసివుంటే మిగతావాటిని నేలమీద ఎందుకు నిలబెట్టినట్టు? ఈ ప్రశ్న అడిగేవారు అరుదు.

స్తంభం అసలు చోటునుంచి కాస్త జరిగింది. అడుగున ఒక అంచు ఇప్పటికీ నేలను తాకుతూనే ఉంది. గైడ్లు చెప్పే కథలో ఒక ఆంగ్లేయ ఇంజనీరు ఉంటాడు. స్తంభం గుట్టు విప్పుదామని దాన్ని కదపబోతే పైకప్పంతా కదిలిందట, హడలిపోయి వదిలేశాడట. ఆ కథనే నమ్మినా తేలేదేమిటి? స్తంభం కదిలింది, కప్పు కూలలేదు. ఒక ఆధారం తప్పితే ఆ బరువును దూలాల ద్వారా చుట్టుపక్కల స్తంభాలు పంచుకునేలా మండపం కట్టారన్నమాట. మెచ్చుకోవలసిన పని అదే. అది లెక్క తెలిసిన, రాయి గుణం ఎరిగిన, పొరపాటుకు చోటు వదిలిపెట్టిన స్థపతి పనితనం. దాదాపు ఐదువందల ఏళ్లుగా బరువు మోస్తున్న మిగతా స్తంభాలను వదిలేసి, మోయనిదాని చుట్టూ చేరి చప్పట్లు కొట్టడం ఆ స్థపతికి చేసే సన్మానం కాదు.

2. “చూడకపోతే ఎలా గీశారు?”

ఈ వాదానికి అతి ఇష్టమైన ప్రశ్న ఇది. పాత బొమ్మలో ఎగిరే రథం ఉందంటే చిత్రకారుడు ఎగిరే రథాన్ని చూసైనా ఉండాలి, చూసినవారి వర్ణన వినైనా ఉండాలి అంటారు. జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. స్తంభం దగ్గర వంగినవారు నడుము నిటారు చేసి తల పైకెత్తితే చాలు.

లేపాక్షి పైకప్పు మీద బొమ్మలు అచ్యుతదేవరాయల కాలంవి, అంటే 1529 నుంచి 1542 వరకు సాగిన పాలనలోవి. పెనుకొండలో రాయలవారి కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, ఆయన తమ్ముడు వీరణ్ణ ఈ గుడి కట్టించారు. పైన కిరాతార్జునీయం ఉంది, పార్వతీ కల్యాణం ఉంది, ద్రౌపదీ స్వయంవరం ఉంది, మర్రాకు మీద పడుకున్న బాలకృష్ణుడున్నాడు. అర్ధమండపం పైకప్పు మీద సుమారు 24 అడుగుల వీరభద్రుడు, ఆయన పాదాల దగ్గర గుడి కట్టించిన అన్నదమ్ములు తమ పరివారంతో సహా ఉన్నారు.

ఆ పురాణ పురుషులు ఏం కట్టుకున్నారో చూడండి. పొడుగాటి కుళ్లాయిలు విజయనగర కొలువులో పెద్దమనుషులు పెట్టుకునేవి. ఆడవాళ్ల చీరల అంచులు, పూలు, గళ్లు ఆ కాలపు మగ్గాల మీద నేసినవి. పాంచాల రాజసభకు వచ్చినవారు హంపీ వీధిలోంచి లేచివచ్చినట్టున్నారు. చిత్రకారుడు ద్వాపరయుగాన్ని చూడలేదు, చూశానని చెప్పుకోనూ లేదు. తాను చూసిన లోకాన్ని తీసుకుపోయి కథలో పెట్టాడు. ఆ బొమ్మ 16వ శతాబ్దపు సీమకు ఎదురులేని సాక్ష్యం. గుడ్డ, నగ, జుట్టుముడి, వేట, పెళ్లితంతు అన్నీ అందులో ఉన్నాయి. అదే బొమ్మను ద్వాపరయుగానికి సాక్ష్యమనడమంటే, అది చెబుతున్న మాట వినకుండా చెప్పని మాటను దాని నోట్లో పెట్టడమే.

యూరప్‌లోనూ ఇదే జబ్బుంది. 1561 ఏప్రిల్ 14 వేకువన న్యూరెంబర్గ్ ఆకాశంలో గోళాలు, శిలువలు, గొట్టాలు పోట్లాడుకున్నాయని చెబుతూ హాన్స్ గ్లేజర్ ఒక సచిత్ర కరపత్రం అచ్చువేశాడు. దేవుడి హెచ్చరిక, పాపాలు మానుకోండని దాని సారాంశం. దాదాపు అదే కాలంలో ఆగ్స్‌బర్గ్‌లో తోకచుక్కలు, రక్తవర్షాలు, వడగళ్లు, వింతజంతువులతో ఒక రంగుల వ్రాతప్రతి తయారైంది. గీసినవారికి అవి దైవసంకేతాలు. ఇప్పటి ఎగిరేపళ్లేల భక్తులకు గ్లేజర్ బొమ్మ గ్రహాంతర యుద్ధానికి ఫొటో సాక్ష్యం! పాపభయంతో వణికిన ఒక ఊరి మనసు అందులో ఉంటే అది వారికి అక్కర్లేదు.

3. ఆనేకల్ విమానాలు

సచిత్ర గ్రంథాల మాట వచ్చింది కనుక ‘వైమానిక శాస్త్రం’ సంగతి చూడాలి. ప్రాచీన విమానాలకు ఆధారమంటూ ఎక్కువమంది చూపించేది ఈ పుస్తకాన్నే. అందులో శకున, రుక్మ, సుందర, త్రిపుర విమానాల బొమ్మలు కొలతలతో సహా ఉన్నాయి. భరద్వాజ మహర్షి రాశాడంటారు.

లేపాక్షికి నూట ఇరవై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులోనే దీని జాతకం తేలిపోయి యాభై ఏళ్లు దాటింది. ఆనేకల్ పండితుడు సుబ్బరాయశాస్త్రి తనకు దివ్యదృష్టితో తెలిసిందంటూ 1918–1923 మధ్య చెబితే రాసుకున్న గ్రంథమిది. బొమ్మలు గీసింది బెంగళూరు ఇంజనీరింగ్ కళాశాలలో డ్రాఫ్ట్స్‌మన్‌గా ఉన్న ఎల్లప్ప. 1974లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు పరిశోధకులు గ్రంథాన్ని ముందు పెట్టుకుని భాష, ఛందస్సు, బొమ్మలు, గాలిలో తేలే లెక్కలు అన్నీ పరీక్షించారు. గ్రంథం 1904కు ముందుది కాదని, అందులోని విమానాలు ఎగరలేవని తేల్చారు. వారు ధర్మద్వేషులనే నింద కూడా చెల్లదు. ఆ ఐదుగురిలో ఒకరైన హెచ్.ఆర్. నాగేంద్ర తర్వాత యోగా విశ్వవిద్యాలయం స్థాపించి పద్మశ్రీ అందుకున్నారు.

ఇన్నేళ్లయినా 2015 జనవరిలో ముంబయిలో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో ప్రాచీన విమానాల మీద పత్రం చదివారు. ఎల్లప్ప గీసిన గీతలు వేల ఏళ్ల వయసు పోసుకుని వేదిక ఎక్కాయి.

4. దిగుమతి సరుకు

తెల్లవాడి వెక్కిరింతకు జవాబుగా పుట్టామని చెప్పుకునే ఈ వాదానికి ఊపిరి పోసినవాళ్లలో ఒకడు స్విట్జర్లాండ్‌లో హోటల్ నడిపిన ఎరిక్ ఫాన్ డానికెన్. ప్రపంచంలోని పాత గుళ్లు, బొమ్మలు, పురాణాలన్నీ గ్రహాంతరవాసుల ఆనవాళ్లేనని 1968లో పుస్తకం రాసి లక్షల ప్రతులు అమ్ముకున్నాడు. పిరమిడ్లను ఈజిప్టువాళ్లు కట్టగలిగారంటే అతని మనసొప్పలేదు. నల్లవాళ్లూ గోధుమరంగువాళ్లూ సొంత చేతులతో ఇంత పని చేయగలరా అన్న పాత అనుమానానికి అది కొత్త చొక్కా. మనవాళ్లు గ్రహాంతరవాసి ఉన్నచోట ఋషిని పెట్టి అదే సరుకు అమ్ముతున్నారు. ఉలి పట్టిన చేతికి దక్కవలసిన మెప్పు రెండు దుకాణాల్లోనూ దక్కదు.

5. వెనక్కి నడిచే విజ్ఞానం

2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన 106వ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి జి. నాగేశ్వరరావు మాట్లాడారు. కౌరవులు మూలకణ, టెస్ట్‌ట్యూబ్ పరిజ్ఞానంతో పుట్టారని, రావణుడికి 24 రకాల విమానాలు, లంకలో విమానాశ్రయాలు ఉన్నాయని చెప్పారు. పిల్లలు కూడా కూర్చుని విన్న సభ అది. దేశమంతటా శాస్త్రవేత్తలు నిరసించారు. ఆ మాటలతో తమకు సంబంధం లేదని నిర్వాహకులే చెప్పుకోవలసి వచ్చింది.

ఒక్క ప్రశ్న చాలు. ఆ పరిజ్ఞానం ఆదిపర్వంలో ఉంటే, 1978కి ముందు ఏ పండితుడికీ అది ఎందుకు కనబడలేదు? నన్నయ నాటినుంచీ తెలుగువాళ్లు ఆదిపర్వం చదువుతూనే ఉన్నారు. ఆ ఏడు ఇంగ్లండ్‌లో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టాకే కుండల్లో ప్రయోగశాల ప్రత్యక్షమైంది. అణుబాంబు పడ్డాకే బ్రహ్మాస్త్రానికి యురేనియం అంటింది. రేపు ఇంకేదో కనిపెడతారు, ఎల్లుండికి అదీ పురాణంలో దొరుకుతుంది. ముందుగా ఒక్కటంటే ఒక్కటి చెప్పలేని విజ్ఞానం, ఎవరో కనిపెట్టాక మాత్రం నాదేనంటుంది.

గాంధారి కథలో ఏముందో కూడా ఈ హడావిడిలో ఎవరికీ పట్టదు. రెండేళ్లు మోసినా బిడ్డ పుట్టలేదు. కుంతికి కొడుకు పుట్టాడన్న వార్త వచ్చింది. ఆ ఉక్రోషంలో గాంధారి కడుపు మీద కొట్టుకుంది. ఇనుపముద్దలాంటి పిండం జారింది. వ్యాసుడు దాన్ని నూటొక్క ముక్కలు చేసి నేతికుండల్లో పెట్టించాడు. అసూయలోంచి పుట్టిన నూరుగురు వంశాన్ని ఎలా కాల్చారన్నది ఆ తర్వాతి భారతమంతా. ఇందులోంచి మూలకణాలు ఏరుకునేవాడు గాంధారిని చూడలేదు.

ఇక అసలు సిగ్గుపడవలసిన సంగతి. ఇంగ్లండ్ బిడ్డ పుట్టిన 70 రోజులకు, 1978 అక్టోబరు 3న, కోల్‌కతాలో భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టింది. ఆ పని చేసిన వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయ. రాష్ట్ర ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన పనిని బూటకమంది. బదిలీలు, అవమానాలు తట్టుకోలేక 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. కుండల్లోని కౌరవుల గురించి ఊరేగే ఉపన్యాసాల్లో ఈ పేరు వినబడదు. ఎదురుగా ఉన్న శాస్త్రవేత్తను చావనిచ్చి, లేని శాస్త్రవేత్తకు జేజేలు పలకడాన్ని దేశాభిమానమంటున్నారు.

6. ముసలమ్మ దగ్గర నోరెందుకు పెగలదు?

అన్ని మహిమల వెనుకా సైన్స్ ఉంటే ఇదే సీమలో, అనంతపురానికి అతి దగ్గరి మహిమనే తీసుకోవచ్చు. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడింది. ఆ ఊరి కోడలు ముసలమ్మ బలి అయితేనే కట్ట నిలుస్తుందని దైవవాక్కు వచ్చింది. ఆమె నడుచుకుంటూ పోయి గండిలో దిగింది. కట్ట నిలిచింది. 19వ శతాబ్దం చివర కట్టమంచి రామలింగారెడ్డి ఆ కథను కావ్యం చేశారు. ముసలమ్మ కట్ట ఇప్పటికీ ఉంది, ఆమెకు గుడీ ఉంది.

దీని వెనుక ఏ సైన్స్ ఉందో చెప్పండి. ఆడమనిషిని మట్టిలో పూడిస్తే కట్ట గట్టిపడే సూత్రం ఏది? ఇక్కడ వాదం మూగబోతుంది. విమానాలకు, బాంబులకు, స్తంభాలకు పలికిన నోరు కోడలి చావు దగ్గర పలకదు. కథలన్నింటికీ ఒకే కొలత వాడుతున్నామన్నది అబద్ధం, పనికొచ్చేవి ఏరుకుంటున్నారు.

నిజానికి ఈ కథ చెప్పేది చాలా ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేలలో చెరువుకట్ట తెగడమంటే ఊరు చచ్చిపోవడం. ఆ ఊరు బతకడానికి ఎవరి ప్రాణం చవకగా కనిపించిందో కథ దాచకుండా చెబుతుంది. దేవతను చేసి మొక్కడంలో ఎంత కృతజ్ఞత ఉందో, ఎంత నేరభావన ఉందో ఆలోచించవలసినది అక్కడ.

7. వాన కురిపించే కథ

కరువొస్తే విరాటపర్వం చదివించడం తెలుగునాట పాత అలవాటు. తోలుబొమ్మలాట కట్టించినా వాన వస్తుందని నమ్మేవారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ బొమ్మల కళ ఇంకా బతికే ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

దీనికీ సైన్స్ పూత పూశారు. మంత్రధ్వని తరంగాలు మేఘాలను కదిలిస్తాయట, హోమధూమం మేఘబీజమవుతుందట. అనంతపురం రైతుకు మేఘమథనం కొత్తమాట కాదు. 2000 తర్వాతి దశకంలో ప్రభుత్వం విమానాలు పెట్టి మేఘాల్లో రసాయనాలు చల్లించింది. ఆ పనికి ముందు కావలసింది మేఘం. అందులో తగినంత తేమ ఉండాలి. సిల్వర్ అయొడైడ్ అయితే సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతకు చల్లబడినా గడ్డకట్టని నీటిబిందువులున్న చోటే పనిచేస్తుంది. మబ్బు తునక లేని ఆకాశం కింద నేలమీద లేచే పొగ ఏ బిందువును పట్టుకుంటుంది?

విరాటపర్వమే ఎందుకు చదువుతారన్న ప్రశ్నకు జవాబు ఆ పర్వంలోనే ఉంది. అజ్ఞాతవాసంలో ఉన్న పాండవుల జాడ వేగులకు చిక్కదు. ధర్మరాజు ఉన్న దేశంలో వానలు సకాలంలో కురుస్తాయి, పైరు పండుతుంది, పశువులు బలిసి ఉంటాయి, అలాంటి దేశం వెతకమని భీష్ముడు సలహా చెబుతాడు. వాన అక్కడ మంచి పాలకుడి ఆనవాలు. ఎండిన ఊళ్లో జనం చేరి ఆ పర్వం చదివించుకున్నారంటే అందులో ప్రార్థనతోపాటు పాలకుడి మీద ఫిర్యాదు కూడా ఉంది. ధ్వనితరంగాల సిద్ధాంతం ఆ ఫిర్యాదును తుడిచేస్తుంది. పాలకులకు ఇంతకంటే హాయైన సిద్ధాంతం మరొకటి ఉండదు.

8. గోడ మీది కళ్లు

లేపాక్షి గుడిలో కల్యాణమండపం సగంలో ఆగిపోయింది. దానికి దగ్గర్లో ఒక గోడ మీద రెండు ఎర్రమరకలు చూపిస్తారు. విరూపణ్ణ రాజుగారి అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని ఫిర్యాదు పోయింది, కళ్లు తీయించమని ఆజ్ఞ అయింది, ఆయన తానే కళ్లు పెరుక్కుని గోడకు కొట్టాడు, ఆ రక్తమే ఇది అని జనం చెప్పుకునే కథ.

రక్తమేనని పరీక్షల్లో తేలిందంటూ మన వాదులు దీన్నీ వదల్లేదు. రక్తం గాలి తగిలిన కొద్దిసేపటికే గోధుమరంగుకు తిరిగి నల్లబడుతుంది. ఐదువందల ఏళ్లు ఎండకూ వానకూ గురైన రాతి మీద అది ఎర్రగా నిలవదు. రాతిలోని ఇనుము తుప్పుపట్టినా ఎర్రమరకే పడుతుంది. మరక సంగతి అంతే, రెండు వాక్యాలు చాలు. కథ సంగతి అంత తేలిగ్గా తేలదు.

పైకప్పు బొమ్మల్లో మనునీతి చోళుడి కథ ఉంది. రాకుమారుడి రథం కింద పడి లేగదూడ చచ్చింది. ఆవు వచ్చి న్యాయగంట మోగించింది. రాజు తన కొడుకును అదే రథం కింద తొక్కించమన్నాడు. శివుడు ప్రత్యక్షమై దూడనూ కొడుకునూ బతికించాడు. రాజు ఇచ్చిన తీర్పును దేవుడు వచ్చి దిద్దిన కథ అది. అదే ప్రాంగణంలో నేలమీద జనం నిలబెట్టుకున్న విరూపణ్ణ కథలో మాత్రం దేవుడు రాలేదు. గుడి కట్టించినవాడి కళ్లు పోతుంటే, ఆ గుడిలోని దేవుడు ఊరకున్నాడు. మరక తప్ప మరే మహిమా జరగలేదు.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టుకుంటే ఎన్ని ప్రశ్నలు లేస్తాయి! గుడి ఎవరి డబ్బు? ప్రాంగణంలోని 16వ శతాబ్దపు శాసనాలు దేవుడికిచ్చిన భూముల గురించి చెబుతాయి. ఆ భూములు దున్నినదెవరు? కోశాధికారి చేసింది దానమా, దుర్వినియోగమా? శిక్ష తీవ్రతను తలుచుకుని కలతపడిన జనమే ఈ కథ కట్టివుంటారు. దాతను బొమ్మలో దేవుడి పాదాల దగ్గర గొప్పగా నిలబెట్టింది అధికారం. గోడ మీద గుడ్డివాడిని చేసి గుర్తుపెట్టుకున్నది ఊరు. ఇలాంటి జోడీ దొరికిన పరిశోధకుడు ఎగిరి గంతేయాలి. మనవాళ్లు మాత్రం మరకలో రక్తకణాలు వెతుకుతున్నారు.

9. “అయితే అంతా మూఢనమ్మకమేనా?”

కాదు. ఈ ఖండన అటువైపు జారిపోవడానికి రాసింది కాదు. మహిమ అన్న మాట వినబడగానే పెదవి విరిచే హేతువాది కూడా పైకప్పు చూడకుండానే వెళ్లిపోతాడు. ఎదుట నిలబడి నేను ఇప్పుడు మహిమ చేస్తానన్న మనిషికీ, పాత బొమ్మలోని మహిమకూ తేడా ఉంది. మొదటిదాన్ని పరీక్షించాలి. పక్కనే గౌరీబిదనూరు ప్రాంతంలో పుట్టిన హెచ్. నరసింహయ్య బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా 1976లో చేసింది అదే. మహిమల పరిశీలనకు కమిటీ వేసి పుట్టపర్తి సత్యసాయిబాబాకు లేఖలు రాశారు. అనుమతి రాలేదు. అడగడం మాత్రం సరైనదే, ఎందుకంటే అది నిజమా కాదా అని తేల్చదగ్గ ప్రకటన. రెండోది ప్రకటన కాదు, కథ. దాన్ని చదవాలి. కథను ప్రయోగశాలకు పంపేవారూ, బతికున్న మనిషి మహిమను పరీక్షకు పంపవద్దనేవారూ తరచు ఒక్కరే కావడం విచిత్రం.

“పోనీ, అబద్ధమే అనుకో. నాలుగు రూపాయలు పర్యాటకం, పిల్లలకు కాస్త గర్వం. నష్టమేముంది?” అని చివరి దుర్గం ఒకటుంది. నష్టం ఉంది, లెక్కగానే ఉంది. కష్టపడకుండా పూర్వీకులే అన్నీ కనిపెట్టేశారని విన్న పిల్లవాడికి సీసాలోని రసాయనంతో గంటలు గడపవలసిన అవసరం కనిపించదు. స్తంభం దగ్గరే గడియారం చూసుకుని వెనుదిరిగే యాత్రికుడికి అర్ధమండపం వైపు పోయే తీరిక ఉండదు. జనం చూడనిదాని మీద డబ్బు పెట్టే ప్రభుత్వం ఎక్కడా లేదు.

లేపాక్షి బొమ్మల్లో కొన్ని ఇప్పటికే వెలిసిపోయాయి, కొన్నిచోట్ల సున్నపు పూత పెచ్చులూడింది. మట్టి నుంచీ, ఆకుల నుంచీ, రాళ్ల నుంచీ తీసిన ఆ ఎరుపూ, పసుపూ, ఆకుపచ్చా మళ్లీ గీయించుకుందామంటే గీసే చేతులు లేవు. పూర్వీకుల మీద గౌరవముందని గొంతు చించుకునేవారు పురావస్తు శాఖను అడగవలసిన ప్రశ్నలు ఇక్కడున్నాయి. కప్పులో తడి ఎక్కడినుంచి దిగుతోంది? బొమ్మ బొమ్మకూ ఫొటోలతో జాబితా ప్రజలకు అందుబాటులో ఉందా? ఏ బొమ్మలో ఏ కథ ఉందో తెలుగులో చెప్పే పలకలు మండపంలో ఎందుకు లేకపోవాలి? గైడ్లకు మనునీతి చోళుడి కథ నేర్పేదెవరు?